ముద్రల సాయిబు గారి మొదటి వాక్యం

మొన్న నేను కొనుక్కున్న రెండు గదుల ఫ్లాట్ రిజిస్ట్రేషన్‌కి వెళ్ళాను. ఇప్పుడక్కడ అద్దం బిళ్ళ ఉన్న చిన్న యంత్రం పెట్టారు. అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ దాని మీద బొటనవేలు ఆనించాల్సిందే, ఎంత చదువుకున్నా సరే. నా ముందున్నావిడ ఏదో కాలేజీలో లెక్చరరట. వేలు ఆనిస్తూ, "ఏంటండీ ఇది, మమ్మల్ని కూడా వేలిముద్ర నిశానీ వాళ్ళని చేసేశారు!" అంది. గదిలో అందరూ నవ్వారు. సబ్ రిజిస్ట్రారు కూడా నవ్వాడు.

నాకు ఒళ్ళు మండింది. బయటికొచ్చి, వరండాలో కూర్చునే స్టాంపు వెండరుతో, "సాయిబు గారు ఉండుంటే ఆవిణ్ణి బతకనిచ్చేవారు కాదు" అన్నాను.

"ఇంకెక్కడి సాయిబు గారమ్మా? రంజాన్‌కి ముందే పోయారుగా. మీకు తెలీదా?"

నాకు తెలీదు. నాకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఎందుకు తోస్తుంది? ఆయనకి నేనేం చేశానో బెజవాడ గవర్నర్‌పేటలో ప్లీడర్ల గుమాస్తాలందరికీ తెలుసు.

ఆయన పేరు కోర్టు కాగితాల మీద తప్ప ఎవరూ వాడేవారు కాదు. అందరికీ ఆయన ముద్రల సాయిబు గారు. వేలిముద్రలు పరీక్షించే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. తర్వాత దావాల్లో, ఈ కాగితం మీద ముద్ర ఈ మనిషిదా కాదా అని తేల్చి రిపోర్టులిచ్చేవారు. నేనప్పుడు ఒక ప్లీడరు గారి దగ్గర టైపిస్టుని. బీకాం పాసయ్యాను, టైపు ఇంగ్లీషూ తెలుగూ రెండూ హయ్యరు. నా అంతటిది లేదనుకునే వయసు.

మొదటిసారి ఆయన మా ఆఫీసుకి వచ్చింది మా క్లయింటు కోటమ్మ కేసు కోసమే. ప్లీడరు గారు ఇంకా రాలేదు. బెంచీ మీద కూర్చున్న కోటమ్మ కేసి చూసి, "ఈవిడేం చేస్తుందమ్మా?" అని నన్నడిగారు. ఎవరు ఎదురుపడ్డా మొహం కంటే ముందు బొటనవేలు చూడటం ఆయన అలవాటు.

"కూలికెళ్తుందండీ. ఆవిడ వేలిముద్రేనండీ" అన్నాను. చదువు రాదు అని చెప్పడానికి మనం అనే మాటే కదా.

ఆయన చేతిలో సంచీ బల్ల మీద దబ్బున పడింది. "ఏమన్నావు? మళ్ళీ అను! ఆవిడ వేలిముద్రా? నువ్వెవరు మరి, సంతకానివా? నీ సంతకం నాకు పావుగంట ఇస్తే నేర్చుకుంటాను. బ్యాంకువాడు కూడా పోల్చుకోలేడు. ఆవిడ వేలు నేర్చుకో చూద్దాం. నీ తాతముత్తాతలు దిగొచ్చినా నేర్చుకోలేరు!"

నేను ఏడుపు మొహం పెట్టాను. ఆయనేం కరగలేదు. సంచీలోంచి కిరసనాయిలు గుడ్డ తీసి, నమూనా ముద్రలు తీసుకున్నాక కోటమ్మ పది వేళ్ళూ తనే తుడిచారు. ఆవిడ అలవాటు కొద్దీ ఇంకు వేలు తలకి రాసుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. "తలకెందుకమ్మా రాసుకుంటావు? తప్పు చేసినదానిలాగా" అని ఆవిడ మీద కూడా కేకలేశారు. ఆవిడ బిత్తరపోయి, తుడుస్తున్నంత సేపూ చేతులు చాపి అలాగే నిలబడింది.

ఆయనకి అన్నిటి మీదా కోపమే. అన్నిటికంటే పెద్ద కోపం, పని ఒకడిదీ పేరు ఇంకొకడిదీ కావడం మీద. వేలిముద్రల్ని వరసలుగా విడగొట్టే లెక్క కలకత్తాలో ఇద్దరు మనవాళ్ళు కూర్చుని కడితే, పై దొర తన పేరు తగిలించుకున్నాడని చెబుతూ చెబుతూ ఊగిపోయేవారు. ఇంకో మనిషి గురించి చెప్పేటప్పుడు మాత్రం గొంతు కాస్త తగ్గేది. క్రొయేషియాలో ఒక దీవిలో పుట్టి, ఓడెక్కి దక్షిణ అమెరికా పోయి, అక్కడ పోలీసు ఆఫీసులో గుమాస్తాగా చేరినవాడు. తలుపు మీది నెత్తుటి వేలిముద్ర చూపించి హత్య ఎవరు చేశారో తేల్చిన వాడు. ఒక వేలిముద్ర కోర్టులో మనిషికి శిక్ష వేయించడం లోకంలో అదే మొదలట. ఇంట్లోనే ఉన్న మనిషి చేసిన నేరానికి పక్కింటివాడు బలి కాకుండా బయటపడ్డాడు.

"పుస్తకాలు తీసి చూడు. ఒకడు అర్జెంటీనా వాడంటాడు, ఒకడు ఆస్ట్రియా అంటాడు, ఇంకొకడు యుగోస్లావియా అంటాడు. మనిషి పుట్టిన నేలకి పేరు లేదుటయ్యా?" అనేవారు. ఆ దేశం విడిగా ఏర్పడిందని పేపర్లో చదివిన రోజే ఇంట్లో స్కూలు అట్లాసు తీసి, యుగోస్లావియాలోంచి దాన్ని ఎర్ర పెన్సిలుతో గీసి వేరు చేసుకున్నారు. ఆ అట్లాసు సంచీలోనే ఉండేది. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చూపించేవారు. "కొడవలిలా ఉంది చూడు. పిడి లోపల, మొన సముద్రంలో."

ఢిల్లీలో ఎంబసీకి ఉత్తరం రాసి ఆ దేశం మీద రంగుల పుస్తకం కూడా ఒకటి తెప్పించుకున్నారు. ఇక చూసుకోండి. ఏప్రిల్ నెలలో, బెజవాడ రోడ్ల మీద తారు కరుగుతున్నప్పుడు, సాక్ష్యం ఉన్న రోజున ఫుల్ చేతుల చొక్కా మీద టై కట్టుకుని వచ్చేవారు. "ఏంటి సాయిబు గారూ, మళ్ళీ పెళ్ళికొడుకయ్యారా?" అని ప్లీడర్లు ఆడుకునేవారు. "ఇది మీ ఇంగ్లీషు దొర గుడ్డ అనుకుంటున్నారా? క్రొయేషియా సిపాయిలు మెళ్ళో కట్టుకున్న రుమాలయ్యా ఇది! ఫ్రాన్సువాడు చూసి ముచ్చటపడి కట్టుకున్నాడు" అని అక్కడే పాఠం మొదలుపెట్టేవారు. నొక్కితే లెడ్డు బయటికొచ్చే పెన్సిలు ఎవరి జేబులో కనపడినా లాక్కుని, అది జాగ్రెబ్ అనే ఊళ్ళో తయారైందని చెప్పి మరీ తిరిగిచ్చేవారు. ఆయన వస్తుంటే గుమాస్తాలు పెన్సిళ్ళు దాచుకునేవాళ్ళు.

ఈ పిచ్చి రిపోర్టుల దాకా పాకింది. హిందువులు కాగితం మీద శ్రీకారం చుట్టినట్టు, ఆయన ప్రతి రిపోర్టునీ ఒకే వాక్యంతో మొదలుపెట్టేవారు: 'క్రొయేషియా దేశపు దీవిలో పుట్టి, పరాయి దేశంలో గుమాస్తాగా ఉండి, వేలిముద్రని న్యాయస్థానానికి ఎక్కించిన మనిషికి నమస్కరించి రాయునది.' మా ప్లీడరు గారు మొత్తుకున్నారు. "ఆ గోల కోర్టుకెందుకు సాయిబు గారూ?" అంటే, "మీ వకాల్తా మీద శ్రీరామ ఎందుకండీ? రాముడేమన్నా సాక్ష్యానికొస్తాడా?" అన్నారు. ఆ వాక్యం అలాగే ఉండిపోయింది.

కోటమ్మది పామర్రు దగ్గర పల్లెటూరు. వాళ్ళమ్మ రాసిచ్చిన డెబ్బై సెంట్ల మాగాణి తప్ప ఇంకో ఆధారం లేదు. ఆ ఊళ్ళో రైసుమిల్లు ఉన్న ఆసామి, ఆవిడ తనకి ఆ పొలం అమ్ముతానని అగ్రిమెంటు రాసి డబ్బంతా పుచ్చుకుందని దావా వేశాడు. కాగితం మీద ఆవిడ వేలిముద్ర ఉంది.

"ముద్ర నాదేనేమో బాబూ, ఎవురికి తెలుసుద్ది?" అంది కోటమ్మ, సాయిబు గారు అడిగితే. "తుపాను బియ్యం ఇత్తన్నారని పిలిస్తే ఎల్లాం. అందరి చేతా ఏయించుకున్నారు. నన్ను మాత్రం రెండు కాయితాల మీద ఎయ్యమన్నారు. ఒక దాని మీద రాతే లేదు."

సాయిబు గారు అసలు కాగితాన్ని కోర్టులో పరీక్షించి వచ్చారు. ముద్ర ఆవిడదే. అంతే రాసి ఊరుకుంటే కోటమ్మ పని అయిపోయినట్టే. కాని ఆయన కళ్ళు ఊరుకునేవి కావు. తీసిన పెద్ద ఫోటో నా బల్ల మీద పరిచి, భూతద్దం నా చేతికిచ్చారు. "ఇక్కడ చూడు. ఈ అక్షరం కొమ్ము వేలి గీతల మీదుగా ఎక్కి పోయింది. గీతల కింద నుంచి కాదు, పై నుంచి. ముందు వేలు పడింది, తర్వాత రాత పడింది. ఖాళీ కాగితం మీద వేయించుకున్నార్రా దొంగవెధవలు!" ఇదంతా రెండో పేరాలో రాయించారు. ఆ పేరా కోటమ్మ పొలం. రిపోర్టు తెలుగులోనే ఉండాలని పట్టుబట్టారు. కేసు ఆవిడది కాబట్టి ఎవరైనా చదివి వినిపిస్తే ఆవిడకి అర్థం కావాలన్నారు.

ఆయనకి టైపు మిషను లేదు. ఆయన చెబుతుంటే నేను కొట్టాను, ఆయన రిపోర్టు కొట్టడం నాకదే మొదలు. అక్కడే నా తెలివి తెల్లారింది.

నాకు క్రొయేషియా అంటే ఏమిటో తెలీదు. ఆ టై పాఠాలూ అట్లాసు పాఠాలూ అన్నీ వరండాలో ప్లీడర్ల మధ్య జరిగేవి, అవన్నీ నాకు తర్వాత గుమాస్తాలు చెప్పినవే. మొదటి రోజు తిట్లు తిన్నాక నేను ఆయన ఎదురుపడకుండా తిరిగేదాన్ని. నాకు తెలిసింది క్రోషియా. ఒంపు సూదితో లేసు అల్లుతామే, అది. మా అమ్మ అల్లేది, పిన్నులు అల్లేవాళ్ళు, మా ఇంట్లో టేబులు గుడ్డలన్నీ క్రోషియావే. సాయిబు గారు ఆ మాట అనగానే, పాపం తురక మాట, తెలుగు నోరు తిరగక సాగదీస్తున్నారనుకున్నాను. దిద్దాను. 'క్రోషియా దేశపు దీవిలో పుట్టి' అని చక్కగా, ఒక్క తుడుపు లేకుండా కొట్టాను. ఆయన నాకంటే మంచి తెలుగు మాట్లాడతారని ఆరు నెలలుగా వింటూ కూడా అలా అనుకున్నాను. రెండో పేరా మాత్రం మూడుసార్లు అక్షరం అక్షరం సరిచూసుకున్నారు. మొదటి వాక్యం చూడలేదు. "అది వినీ వినీ నీకు వచ్చేసి ఉంటుందిలే" అని సంతకం పెట్టారు.

సాక్ష్యం రోజున నేను కూడా కోర్టు హాల్లో వెనక బెంచీ మీద ఉన్నాను. అవతలి ప్లీడరు ముద్ర ఎవరిదని అడిగాడు. కోటమ్మదేనన్నారు. రెండో పేరా జోలికి పోకుండా మొదటి వాక్యం పైకి చదివాడు.

"క్రోషియా దేశమా? ఎక్కడుందండీ అది? సూదీ దారం కొట్లోనా?"

హాలంతా గొల్లున నవ్వింది. సాయిబు గారు కాగితం అందుకుని చూసుకున్నారు. ఆయన మెడ మీద టై ముడి కదలడం వెనక నుంచి నాకు కనపడలేదు గాని, చెవులు ఎర్రబడటం కనిపించింది.

"తమరు వేలిముద్రలు నేర్చుకున్నారా, లేసులు అల్లడం నేర్చుకున్నారా? ఈ రిపోర్టు మీదేనా? చదివే సంతకం పెట్టారా?"

టైపు తప్పు అని ఒక్క మాట అంటే సరిపోయేది. కాని, ఎక్కడ టైపు అయిందని అడుగుతారు. కోటమ్మ తరఫు ప్లీడరు ఆఫీసులోనే అయిందంటే, రిపోర్టు కూడా వాళ్ళే వండారంటారు. ఆయన మా ప్లీడరు గారి కేసి చూశారు. ప్లీడరు గారు ఫైలు తిరగేస్తున్నారు. సాయిబు గారు నిటారుగా నిలబడి, "నాదే. సంతకం నాదే" అన్నారు.

మా ప్లీడరు గారు తిరిగి ప్రశ్నించలేదు. రెండో పేరా గురించి నోరు తెరిచి ఒక్క ప్రశ్న అడగలేదు, ఆ రిపోర్టు ఎంత తొందరగా మరుగున పడితే అంత మంచిదనుకున్నట్టు. తీర్పులో ఏం రాశారంటే, తన శాస్త్రం పుట్టిన చోటు కూడా సరిగా రాయలేని నిపుణుడు అక్షరాల వరస గురించి చెప్పినదాన్ని నమ్మలేమని. ముద్ర ఆవిడదేనన్నది మాత్రం నమ్మారు. కోటమ్మ పొలం పోయింది.

సాక్ష్యం రోజు సాయంత్రమే ఆయన ఆఫీసుకొచ్చారు. నేను లేచి నిలబడి, "తప్పు నాదేనండీ, క్షమించండి" అన్నాను. ఎన్ని తిట్లయినా పడదామనే ఉన్నాను.

"తప్పు గురించి నేనడిగానా?" అన్నారు. ఆయన గొంతు అంత చిన్నగా ఉండటం అంతకు ముందెప్పుడూ వినలేదు. "తప్పు అందరూ చేస్తారు. నువ్వు అక్కడే ఉన్నావు. బెంచీ మీద కూర్చుని ఉన్నావు. వాళ్ళు నవ్వుతుంటే లేచి, ఇది నేను కొట్టిన తప్పండీ అని ఎందుకు అనలేదు?"

ఉద్యోగం పోతుందని భయపడి అనలేదు. ఆ మాట ఆయనతో అనే బదులు టైపు మిషను మీద గుడ్డ కప్పాను. ఆయన వెళ్ళిపోయారు. తర్వాత మా ఆఫీసు మెట్లెక్కలేదు. కాలమంతా రిపోర్టులిచ్చి బతికిన మనిషికి ఆ హాల్లో నవ్విన రోజు నుంచి ఒక్క కేసు రాలేదు. ఊళ్ళో కుర్రప్లీడర్లు ఆయన కనపడితే 'లేసు సాయిబు గారూ' అనేవాళ్ళు.

ఆ వేసవిలోనే ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు వచ్చింది. క్రొయేషియా మూడో స్థానంలో నిలిచింది. తెలుగు పేపర్లన్నిటిలో ఆ పేరు ఇంతింత అక్షరాలతో, ఒత్వమూ ఏత్వమూ సరిగ్గా పడింది. బార్ అసోసియేషన్ వరండాలో టీ తాగుతూ, "పిసరంత దేశమండీ, ఏం ఆట, ఏం ఆట!" అని మురిసిపోతున్న మనిషి ఎవరనుకున్నారు? అవతలి ప్లీడరే. సూదీ దారం కొట్లో ఉందన్న దేశం ఆయనకి అప్పుడు పటంలో దొరికింది. నాకు ఆ టీ గ్లాసు లాక్కుని మొహాన పొయ్యాలనిపించింది. పొయ్యలేదు. నా మొహాన కూడా పొయ్యాల్సి వచ్చేది మరి.

ఆ రోజే ఒక కాగితం కొట్టాను. ఫలానా రిపోర్టులో ఆ మాట టైపిస్టునైన నేను నా అజ్ఞానం కొద్దీ మార్చాను, నిపుణుడి తప్పు లేదు, అని. కింద పొడుగ్గా ఇంగ్లీషు సంతకం గిలికి, వన్‌టౌన్‌లో ఆయన ఇంటికి పట్టుకెళ్ళాను.

ఆయన మంచం మీద కూర్చుని ఉన్నారు. అక్షరం అక్షరం చదివారు. అప్పీలు గడువు దాటిపోయిందని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. చదివాక ఢిల్లీ నుంచి వచ్చిన రంగుల పుస్తకం తీసి ఒక పేజీ నా ముందు పెట్టారు. నల్ల గౌన్లు వేసుకున్న సన్యాసినులు లేసు అల్లుతున్నారు. కిత్తనార ఆకుల్లోంచి సన్నటి దారం తీసి, సూదితో. అదే దీవిలో. ఆ గుమాస్తా పుట్టిన దీవిలోనే.

"చూశావా? ఆ దీవికి లేసు కూడా గొప్పే. ఇది నాకు ఆ రోజు బోనులో గుర్తుకొచ్చింది. చెబితే ఇంకా నవ్వుతారని చెప్పలేదు. నవ్వేవాడికి ఏమీ తెలియనక్కర్లేదు, తెలిసినవాడే నోరు మూసుకోవాలి. అదీ మన కోర్టు!" అని పుస్తకం ఠపీమని మూశారు. పాత కోపం తిరిగొచ్చినందుకు నాకు ఎక్కడో సంతోషం వేసింది.

తర్వాత ఇంకు బిళ్ళ తీశారు. "వెయ్యి" అన్నారు.

"సంతకం పెట్టానుగా అండీ."

"అది ఎవడైనా పెడతాడు. వేలు వెయ్యి."

పుట్టి బుద్ధెరిగాక నేను వేలిముద్ర వెయ్యడం అదే మొదలు. నిజం చెబుతున్నాను, సిగ్గేసింది. గుమ్మంలో ఆయన కోడలు చూస్తోందని ఇంకా సిగ్గేసింది. వేశాక, దాన్ని అద్దంతో చూసి నా చేతికిచ్చి, "ఇది నాకెందుకు? నా పరువు కోసం తెచ్చావా? నా పరువుతో నేను బతుకుతాలే. పోయి కోటమ్మకి చదివి వినిపించు" అన్నారు.

వెళ్ళాను. ఆవిడ నాట్లలో ఉంది, తన పొలంలోనే, కూలికి. గట్టు మీదికి వచ్చి బురద చేతులు కాలవలో కడుక్కుని, పైట చెంగుతో తుడుచుకుని నిలబడింది. నేను చదివాను. ఏం తప్పు జరిగిందో, ఎవరు చేశారో, అంతా విన్నది. కాగితం తీసుకుని కింద ముద్ర కేసి చూసింది.

"ఈ ఏలు ఎవురిదమ్మా?"

"నాదేనండీ."

"నీకు సదువొచ్చు గదా?"

"వచ్చండీ."

"మంచిదమ్మా. తప్పు నీదని ఒప్పుకున్నావు. కాయితం కూడా తెచ్చావు." కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. "మరి నా పొలం ఏదమ్మా?"

ఆవిడ కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది, నేను తెచ్చిన కాగితంలో దాని సంగతి ఎక్కడైనా ఉందేమో, చదవడం మర్చిపోయానేమో అన్నట్టు. అవతల మేస్త్రి కేకేస్తే వెళ్ళి వరసలో వంగింది.

మర్నాడు సాయిబు గారికి ఈ సంగతి చెప్పాను. "నువ్వేమన్నావు?" అని అడిగారు. ఏమీ అనలేదన్నాను. ఆయన మంచం దిగి లేచారు. వేలు నా మొహం ముందు ఆడిస్తూ, ఇంట్లోవాళ్ళు పరిగెత్తుకొచ్చేంత గట్టిగా అరిచారు.

"ఏమీ అనకుండా వచ్చావా? అడిగిందానికి జవాబు చెప్పకుండా బస్సెక్కి వచ్చావా? మళ్ళీ వెళ్ళు! ఈసారి జవాబు పట్టుకుని వెళ్ళు. అది దొరికేదాకా నాకు కనపడకు!"

కనపడలేదు. ఆ తర్వాత ఉద్యోగం మారాను, జీతం పెరిగింది, ఇదిగో ఇప్పుడు నా పేరున రెండు గదులు కూడా రిజిస్టరయ్యాయి. పామర్రు బస్సు ఈ కొత్త ఇంటి ముందు నుంచే వెళ్తుంది, గంటకొకటి. నేను ఇంకా ఎక్కలేదు.